రేడియేటరు చల్లారేదాకా

కారు ఇంజను మరిగిపోయినప్పుడు మనిషి మొదట చేయవలసిన పని దాని మీద నుంచి చేతులు తీసేయడం. ఈ మాట నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. వినేవారు తక్కువ. బానెట్ సందులోంచి ఆవిరి కనబడగానే పరుగున దిగి, చేతికి జేబురుమాలు చుట్టుకొని రేడియేటరు మూత తిప్పేవారే ఎక్కువ. ముంజేతుల నిండా బొబ్బలతో ఆస్పత్రి బల్ల మీద కూర్చొని, "ఇంత వేడిగా ఉంటుందనుకోలేదండీ" అన్న ఒక ఇంజనీరును నేను స్వయంగా చూశాను. మరిగిన నీళ్లు వేడిగా ఉంటాయని అనుకోకపోవడానికి ఎంత చదువు చదవాలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

నా కారుకు సంబంధించిన ప్రతి పనినీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఆయిల్ ఎప్పుడు మార్చినదీ, ఫ్యాను బెల్టు ఎప్పుడు బిగించినదీ, ఏ బంకు పెట్రోలులో చెత్త వచ్చినదీ అన్నీ అందులో ఉంటాయి. రియాద్ వెళ్లిన ఆ రోజు గురించి మాత్రం అందులో ఉన్నది ఒకే ముక్క: "రేడియేటరులో నీళ్లు మరిగినవి. కారణము తొలగించబడినది." మిగిలినదంతా జ్ఞాపకం మీదే రాయాలి.

అది గల్ఫ్ యుద్ధం ముగిసిన తరువాత వచ్చిన వేసవి. నేను దమ్మామ్‌లో ఒక కంపెనీలో యంత్రాల మరమ్మతు విభాగం చూసేవాణ్ణి. అంతకు ముందటి వేసవిలో నా భార్య తొలి కాన్పుకు గుంటూరు దగ్గరి పుట్టింటికి వెళ్లింది. ఆమె వెళ్లిన కొద్ది వారాలకే కువైట్ మీద దాడి జరిగింది. కాన్పుకని వెళ్లిన మనిషి యుద్ధం వల్ల అక్కడే ఉండిపోయింది. ఆడపిల్ల పుట్టిందన్న కబురు నాకు టెలిగ్రాములో అందింది. పిల్ల ఫొటో చేతికందే నాటికి దమ్మామ్‌లో సైరన్లు మొదలయ్యాయి.

యుద్ధం ముగిశాక కూడా మా మామగారు కూతుర్ని పంపడానికి ససేమిరా అన్నారు. చివరకు ఒక షరతు మీద ఒప్పుకొన్నారు. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు తానే కొని, ఆమె చేతిసంచిలో పెట్టారు. అక్కడ ఏ కాస్త తేడా కనిపించినా విమానాశ్రయం దాటకుండానే వెనక్కి వచ్చెయ్యమన్నారు. నా భార్య ఈ సంగతి దాచకుండా ఉత్తరంలో రాసింది. "నాన్నగారి కోపం మీ మీద కాదు, ఆ దేశం మీద. నేను దిగేసరికి మీరు ఎదురుగా ఉంటే చాలు, మిగతాది నేను చూసుకొంటాను" అని కూడా రాసింది.

ఎదురుగా ఉండడమన్నది ఆ దేశంలో ఆప్యాయతకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. అక్కడ ఒంటరిగా దిగిన స్త్రీని ఆమె భర్తో, కఫీలో, అంటే ఆమె వీసాకు పూచీపడిన యజమానో, స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకువెళ్లాలి. అప్పటిదాకా ఆమెను ఆడవాళ్ల గదిలో కూర్చోబెడతారు. దమ్మామ్ రేవులో దింపిన యంత్రభాగాలను నేను ఎన్నోసార్లు సంతకం పెట్టి విడిపించాను. పెళ్లాడి తెచ్చుకొన్న మనిషిని కూడా అదే తీరులో విడిపించుకోవాలన్న ఊహకు ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఎవరూ రాకపోతే ఏం చేస్తారని అడిగితే ఎవరూ సరిగా చెప్పేవారు కాదు. అదే విమానంలో తిప్పి పంపేస్తారని మా క్వార్టర్లలో కొందరనేవారు. నిజం కనుక్కుందామని ఒక కార్యాలయం తరువాత ఒక కార్యాలయానికి తిరిగాను. ప్రతిచోటా "బుక్రా" అన్నారు. రేపు రమ్మని. ఆ రేపు రాకముందే విమానం వచ్చే రోజు వచ్చింది.

మా వైపు విమానాలు ఇంకా సక్రమంగా మొదలు కాలేదు. ఆమెకు రియాద్‌కే టిక్కెట్టు దొరికింది. అంటే నేను ఎడారి దాటి వెళ్లాలి, మధ్యాహ్నం విమానం దిగేలోపు అక్కడ ఉండాలి.

నా వెంట బయలుదేరినవాడు మా పక్క గది మనిషి, మా కంపెనీ గోడౌనులోనే స్టోర్‌కీపరు, కరీంనగర్ వైపువాడు. నాకంటే బాగా చిన్నవాడు. అతని ఇకామాలో, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి పుస్తకంలో, రాసిన ఉద్యోగపు హోదాకు కుటుంబాన్ని తెచ్చుకొనే హక్కు లేదు. స్టోర్‌కీపరు పని చేయించుకొంటూ కాగితం మీద కూలీ అని రాయించిన ఆ పెద్దమనుషుల గురించి మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది. అతని కూతురు పుట్టిన కొన్నాళ్లకే అతడు వచ్చేశాడు. "చిన్నపిల్లని ఎత్తుకొని ఎన్ని దినాలాయెనో సార్, నేను గూడ వస్త" అన్నాడు. కఫీల్ అనుమతి కాగితం లేకుండా ఊరు దాటకూడదు కనుక, నా కాగితంలోనే నాకు తోడుగా అతని పేరు కూడా రాయించాను.

యుద్ధకాలంలో మేమిద్దరం ఒకే గదిలో తలదాచుకొన్నాం. కిటికీ అద్దాలకు టేపు అతికించి, విషవాయువు రాకుండా తలుపు కింద సందులో తడి తువ్వాళ్లు దూర్చాలని చెప్పారు. సైరను మోగగానే తువ్వాళ్లు తడిపి దూర్చే పని అతనిది. ముసుగులు తగిలించుకొని ఎదురెదురుగా కూర్చొంటే మాటలు స్పష్టంగా వినబడేవి కావు. అయినా అతడు ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేవాడు: "బిడ్డకు పేరు పెట్టిన్రా సార్?" పెట్టలేదనేవాణ్ణి. నేను చూడకుండా పేరు పెట్టనని నా భార్య పట్టుపట్టి కూర్చొంది.

యుద్ధం పోయినా పొగ పోలేదు. కువైట్‌లో తగలబెట్టిన చమురుబావుల పొగ గాలి తిరిగినప్పుడల్లా మా మీదికి వచ్చేది. ఆరవేసిన బట్టల మీద, కారు మీద, కిటికీ గట్ల మీద జిడ్డు మసి పేరుకొనేది. మసి ఇంజనులోకి పోతే ఏమవుతుందో నేను రోజూ అందరికీ చెప్పి విసిగించేవాణ్ణి. ఆ మాటలు ఒకరు ఇంత శ్రద్ధగా వింటున్నారని నాకు తెలియదు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం అతడు నా కారు కడిగాడు. వద్దన్నా వినలేదు. "మేడం ఒస్తున్నది, మసి కార్ల కూసోబెడ్తరా?" అని నన్నే గదమాయించాడు. పొద్దున నేను బానెట్ ఎత్తి ఆయిలు, నీళ్లు, బెల్టు, బ్యాటరీ, టైర్లలో గాలి అన్నీ చూసుకొన్నాను. లోపమేమీ లేదు. వెనుక డిక్కీలో రెండు డబ్బాల నీళ్లు పెట్టుకొన్నాను. ఇంతకంటే సిద్ధంగా ఏ కారూ రియాద్ దారి పట్టి ఉండదని మనసులో అనుకొన్నాను కూడా.

ఊరు దాటి, చెక్‌పోస్టులో కాగితం చూపించి, ఇసుక తిన్నెల మధ్యకు వచ్చేసరికి గాలి లేచింది. రోడ్డు మీద ఇసుక పాముల్లా పాకుతోంది. అద్దాలన్నీ ఎత్తేసి ఏసీ పెంచాను. కొంతదూరం పోయాక అలవాటుగా ముల్లు చూశాను. ఎప్పుడూ మధ్యలో నిలిచే ఉష్ణోగ్రత ముల్లు మధ్య దాటి ఉంది.

ఏసీ ఆపేశాను. ముల్లు కదలలేదు. అద్దాలు దించమని చెప్పి, హీటరు పూర్తిగా పెట్టాను. కొలిమి ముందు కూర్చొన్నట్టు వేడిగాలి మా మోకాళ్ల మీద కొట్టింది.

"గిదేంది సార్! గీ ఎండల హీటరా? మనకేమన్న దిమాక్ కరాబైనదా?"

"ఇంజను వేడిలో కొంత ఇటు తీసుకొంటే దానికి ఉపశమనం."

"దాని సంగతి సరే, మనకు?"

"మనం మరగం. చెమట పడుతుంది, అంతే."

"నాకైతే ఉడికినట్టే అనిపిస్తున్నది," అన్నాడు అంగీ గుండీలు విప్పుకొంటూ.

ముల్లు కాస్త దిగింది. నాకు ధైర్యం వచ్చింది. కొద్దిసేపటికే మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. ఎర్రగీత దగ్గరికి వచ్చేసరికి కారు పక్కకు తీసి ఆపాను. ఇంజను ఆపగానే బానెట్ సందులోంచి సన్నగా ఆవిరి లేచింది. లోపల నీళ్లు తుకతుకలాడుతున్న చప్పుడు బయటికి వినిపించింది.

అతడు అప్పటికే డిక్కీ తెరిచి నీళ్ల డబ్బా పట్టుకొని వచ్చాడు.

"పొయ్యనా సార్?"

"ముట్టుకోవద్దు."

"ఉట్టిగ పైన పోస్త, మూత తియ్య."

"ఎర్రగా కాలిన ఇనుము మీద చల్లనీళ్లు పోస్తే పగులుతుంది. ఇక్కడ పగిలితే మనం ఎక్కడికీ వెళ్లం. డబ్బా కింద పెట్టు."

పెట్టాడు కాని, డబ్బాను వదలకుండా దాని పక్కనే గొంతుక్కూర్చొన్నాడు. బానెట్ కాలకుండా గుడ్డతో పట్టుకొని ఎత్తి నిలబెట్టాను, వేడి పైకి పోవడానికి. ఇక మా చేతుల్లో ఉన్నది ఆగడం మాత్రమే. పైనున్న రబ్బరు గొట్టం వేళ్లతో నొక్కితే మెత్తగా లోపలికి పోయేదాకా మూత జోలికి వెళ్లకూడదు. ఈ నియమం నేను ఇతరులకు చెప్పినప్పుడల్లా చాలా సులభంగా చెప్పాను. ఆ రోజు ఆ గొట్టం రాయిలా ఉంది. దాని అవతల ఎక్కడో ఆకాశంలో నా భార్య, నేను ఇంతవరకు చూడని పిల్ల, చేతిసంచిలో ఒక టిక్కెట్టు.

ఊరికే ఎదురుచూడడం నాకు చేతకాదు. కారణం వెతకడం మొదలుపెట్టాను. బెల్టు బిగువుగానే ఉంది. గొట్టాలు ఎక్కడా కారలేదు. కింద తడి లేదు. ఫ్యాను రెక్క వేలితో తోస్తే తిరిగింది. నీళ్లున్నాయి, నీళ్లు తిరుగుతున్నాయి, ఫ్యాను ఉంది. మరి చల్లబడకపోవడానికి మిగిలినది గాలి. గాలి ఎటు నుంచి రావాలి? ముందు నుంచి. అప్పటిదాకా నేను కారును పైనుంచి, కిందనుంచి చూశాను కాని ముందునుంచి చూడలేదు. మోకాళ్ల మీద కూర్చొని ముందు జాలీలోంచి తొంగి చూశాను.

జాలీ వెనుక, రేడియేటరుకు నిలువునా, గోడలాంటిదేదో ఉంది. వేలు దూర్చి గీకితే మట్టి పెళ్ల రాలింది. పెళ్ల కింద బట్ట. బట్ట మీద నీలం గళ్లు.

"ఇదేమిటి?" అన్నాను.

అతడు వంగి చూశాడు. తరువాత చాలా చిన్న గొంతుతో, "నా లుంగీ సార్," అన్నాడు.

"నీ లుంగీ నా కారులో ఏం చేస్తోంది?"

"మీరే అంటరు గద సార్, మసి ఇంజన్లకు పోతే పాడైతదని. రాత్రి కడిగినంక కట్టిన. రెండు మడతలేసి, తడిపి కట్టిన. లడాయిల తలుపు కింద తువ్వాల పెట్టినం చూడు, గట్లనే. గాలి అచ్చినా మసి రాదనుకున్న." ఆగి, ఇంకా చిన్నగా అన్నాడు: "బిడ్డ ఎక్కుతది గద."

తడిపి కట్టిన లుంగీ. దాని మీద దారిపొడుగునా కొట్టిన ఇసుక. మా క్వార్టర్ల గోడలకు మేస్త్రీలు కూడా అంత నున్నగా పూత పూయలేదు. విషవాయువును ఆపడానికి మాకు నేర్పిన పద్ధతి నా ఇంజను ఊపిరిని ఎంత సమర్థంగా ఆపిందో చూస్తే, ఆ పద్ధతి కనిపెట్టినవారికి ఉత్తరం రాయాలనిపించింది.

నాకు కోపం రాలేదని చెప్పను. నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూశాను. దుమ్ములో రెండు చారలు దిగుతున్నాయి. చెమట కావచ్చు. యుద్ధమంతా నా తలుపు కింద తువ్వాలు దూర్చిన చేతులే ఇవి. నా పిల్లను కూడా తలుపు వెనుక పెట్టి కాపాడదామనుకొన్నాయి. ఆ చేతులను ఏమని తిట్టాలి?

"కత్తి ఉందా?" అన్నాను.

"ఉన్నది."

"కట్టిన తాళ్లు కోసెయ్. నెమ్మదిగా. రేడియేటరు రేకులకు తగలకుండా."

అతడు పడుకొని, చేతులు కాలుతున్నా కిమ్మనకుండా తాళ్లు కోశాడు. లుంగీ అట్టముక్కలా నిలువుగా ఊడి వచ్చింది. దాన్ని నేల మీద పెడితే నిలబడింది. ఇద్దరికీ నవ్వు రావలసిన దృశ్యం. ఎవరికీ రాలేదు.

అప్పుడే ఒక లారీ మా వెనుక ఆగింది. డ్రైవరు పఠాన్, గడ్డం నెరిసినవాడు. తల బయటికి పెట్టి "క్యా హువా?" అన్నాడు. ఇంజను గరమైందని, విమానాశ్రయంలో భార్య దిగుతున్నదని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. అతడు ఇక ఏమీ అడగలేదు. పక్క సీటు మీద ఉన్న సామాను వెనక్కి తోసి, "ఆవ్ భాయ్, బైఠో. రియాద్ ఛోడ్ దేతా హూఁ," అన్నాడు. రియాద్‌లో దింపుతాడట, కాని ఒక్కరికే చోటుంది.

"ఎక్కుండ్రి సార్," అన్నాడు మావాడు వెంటనే. "కారు నేను చూసుకుంట. మేడం ఆడ ఒక్కతే ఉంటది. పోండ్రి, పోండ్రి."

ఆలోచించాను. లారీ ఇప్పుడే కదులుతుంది. నా కారు ఎప్పుడు కదులుతుందో తెలియదు. మరిగిన ఇంజను లోపల గ్యాస్కెట్ కాలిపోయి ఉంటే అసలు కదలదు. ఇది ఒక పక్క. రెండో పక్క, అనుమతి కాగితం ఒకటే ఉంది. దాన్ని నేను తీసుకువెళితే అతడు ఎడారిలో కాగితం లేని మనిషి, వేరొకరి పేరున ఉన్న కారు దగ్గర నిలబడ్డ మనిషి, లైసెన్సు లేని మనిషి. పోలీసులు రావడానికి ఎంతో సేపు పట్టదు. అతనికి వదిలిపెడితే నన్ను తరువాతి చెక్‌పోస్టులో దింపేస్తారు. మనిషికీ మనిషికీ మధ్య కాగితం ఇరికించి, ఒకడు నడవాలంటే ఇంకొకడు చిక్కుకోవాల్సిన ఏర్పాటు చేసినవారిని ఆ క్షణంలో నేను అన్నవేవీ ఇక్కడ రాయదగినవి కావు.

"నహీఁ భాయ్, ఆప్ జాయియే," అన్నాను లారీ అతనితో. అతడు ఇద్దరినీ చూసి, ఒక నీళ్ల సీసా, నాలుగు ఖర్జూరాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మావాడు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఎందుకు పోలే సార్? నా తప్పుకు మేడంను కూసోబెడ్తరా? నన్ను పట్టుకపోతే పట్టుకపోనీ."

"నిన్ను పట్టుకుపోతే నిన్ను విడిపించడానికి మళ్లీ నేనే తిరగాలి. ఎన్ని కార్యాలయాలు, ఎన్ని బుక్రాలు! ఒకరిని సంతకం పెట్టి విడిపించుకోవడానికే వెళుతున్నాను, ఇద్దరి కోసం నావల్ల కాదు. కూర్చో."

కూర్చొన్నాడు. కారు నీడ జానెడు. ఆ జానెడులో ఇద్దరం ఒదిగి, ఖర్జూరాలు తిన్నాం. అతడు తన గింజలు కూడా పారేయలేదు, అంగీ జేబులో వేసుకొన్నాడు. ఎందుకని అడగలేదు. మధ్యమధ్య లేచి, గొట్టం మీద చెయ్యి పెట్టి వచ్చి, తల అడ్డంగా ఊపేవాడు. అమ్మ చంటిపిల్ల నుదురు చూసినట్టు చూసేవాడు. నేను లేవలేదు. లేస్తే మూత తిప్పేస్తానని నాకు అనుమానం. ఇంతకాలం ఇతరులను వెక్కిరించానే, ఆ జేబురుమాలు చుట్టుకొనే మనుషులు ఏ తొందరలో ఉండి ఆ పని చేసి ఉంటారో నేను ఒక్కరినైనా అడగలేదు. ఆ గంటలో ఆ సంగతి తట్టింది.

పైన ఒక విమానం తెల్లగీత గీసుకొంటూ పడమటికి పోయింది. ఇద్దరం చూశాం.

చివరకు గొట్టం నొక్కితే లోపలికి పోయింది. మందపాటి గుడ్డ నాలుగు మడతలు వేసి మూత మీద కప్పి, ముఖం పక్కకు తిప్పుకొని, మొదటి మెట్టు దాకా మాత్రమే తిప్పాను. ఉస్సుమని లోపలి ఒత్తిడి పోయింది. అది పూర్తిగా పోయాకే మూత తీశాను. ఇంజను మొదలుపెట్టి, అది తిరుగుతుండగా నీళ్లు సన్నటి ధారగా పోయించాను. "ఇంకా సన్నగా," అంటే ఇంకా సన్నగా పోశాడు. చంటిపిల్లకు ఉగ్గు పోసినా అంత జాగ్రత్తగా ఎవరూ పోయరు. తెల్లపొగ రాలేదు. ఆయిలు తెల్లబడలేదు. గ్యాస్కెట్ నిలిచింది.

తరువాతి దారంతా ఏసీ లేకుండా, అద్దాలు దించుకొని, ముల్లు మీద ఒక కన్ను పెట్టి నడిపాను. అతడు రెండు కళ్లూ దాని మీదే పెట్టాడు. వేగం పెంచమని అతడు అడగలేదు, నేను పెంచలేదు.

రియాద్ విమానాశ్రయంలో అందరూ వెళ్లిపోయారు. బెల్టు మీద ఎవరిదో ఒక పెట్టె ఒంటరిగా తిరుగుతోంది. నా అవతారం చూసి అధికారి ముక్కు చిట్లించాడు. ఇసుక, మసి, చెమట కలిసి నేను కూడా ఆ లుంగీ లాగే ఉన్నాను. కాగితాలు తిప్పి తిప్పి చూసి, ఇంత ఆలస్యమెందుకన్నాడు. కారు గురించి చెప్పాను. అతడు నమ్మినట్టు లేడు. చూపించిన చోట సంతకం పెట్టాను. "అందినది" అన్న అర్థం వచ్చే అరబ్బీ మాట కింద. ఆ మాట నాకు రేవులోని కాగితాల వల్ల బాగా తెలుసు.

ఆడవాళ్ల గది తలుపు తెరుచుకొంది. ముందు వినిపించింది తెలుగు, అదీ కడప తెలుగు: "సూడమ్మా, మీ ఆయన వచ్చినాడు! నేను చెప్పలే?" ఎవరి ఇంట్లోనో పనికి వచ్చి, తనను తీసుకువెళ్లే యజమాని కోసం ముందు రోజు నుంచి అక్కడే కూర్చొని ఉన్న ఒకామె, నా పిల్లను భుజాన వేసుకొని ఉంది. నా భార్య ఆమె వెనుక నిలబడి ఉంది. టిక్కెట్టున్న చేతిసంచి ఆమె చేతిలో కాక నేల మీద ఉండడం చూశాను.

నా భార్య నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమండీ, కారులో వచ్చారా, కారు కింద వచ్చారా?"

"చాలాసేపు కూర్చోబెట్టారా?" అని మాత్రం అడిగాను.

"మీరు వస్తారని తెలుసు. రాకపోతే ఏం చేయాలన్నదే తెలియలేదు. వాళ్లు వచ్చి తిరుగు టిక్కెట్టు ఉందా అని అడిగారు. లేదన్నాను."

"ఉంది కదా."

"ఉందంటే పంపించేసేవాళ్లేమో కదండీ," అంది.

పిల్లను నా చేతుల్లోకి ఇవ్వబోయారు. నా ముఖం చూసి అది గుక్కపెట్టింది. ఆ వయసు పిల్ల ఏడవడంలో న్యాయముంది. కడప ఆమె పిల్ల వీపు నిమిరి నా భార్యకు అందించి, "పోయిరాండి, సల్లగా ఉండండి," అని మళ్లీ వెళ్లి తన బల్ల మీద కూర్చొంది. ఆమె కోసం వెళ్లి అధికారిని అడిగాను. ఆమె నీకేమవుతుందన్నాడు. ఏమీ కాదన్నాను. అయితే వెళ్లమన్నాడు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ "అయితే" నాకు మింగుడు పడలేదు.

బయట మావాడు ముఖం కడుక్కొని, తల దువ్వుకొని, కారు పక్కన దొంగలా నిలబడి ఉన్నాడు. నా భార్యకు నమస్కారం పెట్టి, ఆమె అడగకముందే, "మేడం, లేటు అయినది నా వల్లనే, నేను లుంగీ కట్టిన," అన్నాడు.

"లుంగీ కట్టుకోవడానికి అంతసేపా?" అంది నా భార్య.

నేను నవ్వాను. ఆ రోజు మొదటిసారి. అతడు బిక్కమొహం వేసుకొని మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. విన్నంతసేపూ ఆమె పెదవి బిగించుకొని ఉంది. చివర, "బిడ్డ ఎక్కుతది గద మేడం" అనగానే, పిల్లను అతని చేతుల్లో పెట్టింది. పిల్ల ఏడవలేదు. అతని మీసం పట్టుకొంది. అతడు కదిలితే అది ఎక్కడ వదిలేస్తుందోనని బిగుసుకుపోయి నిలబడ్డాడు.

తిరుగు దారిలో ఊరు దాటాక ముల్లు మళ్లీ మధ్య దాటింది. ఉదయపు ఇసుక ఇంకా రేకుల మధ్య ఉండి ఉంటుంది. ఈసారి ఎర్రగీత దాకా రానివ్వలేదు. ఒక పెట్రోలు బంకులోకి తిప్పాను. మేం ఆగేసరికి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళైంది. బంకువాళ్లు గొలుసు అడ్డంగా కట్టి, దీపాలు తగ్గించి ప్రార్థనకు వెళ్లారు. నీళ్లు కావాలన్నా వాళ్లు వచ్చేదాకా ఆగాలి. బానెట్ ఎత్తిపెట్టి, బంకు అరుగు మీద కూర్చొన్నాం. గాలి తగ్గింది. ఆకాశం ఇంకా కాస్త ఎర్రగా ఉంది. నా భార్య చెప్పులు విడిచి కాళ్లు చాపుకొంది.

"ఎంతసేపు పడుతుంది?" అంది.

"చెప్పలేం. అదే చల్లారాలి."

"చల్లారనివ్వండి. మనకు ఇప్పుడేం తొందర?"

ముఖం, చేతులు డబ్బా నీళ్లతో కడుక్కొని వచ్చాను. ఆమె అడగకుండానే నిద్రకు తూగుతున్న పిల్లను నా ఒళ్లో పడుకోబెట్టింది. పిల్ల ఒక్కసారి కళ్లు తెరిచి నన్ను చూసింది. ఇంకా ఏడవాలా వద్దా అని తేల్చుకోలేనట్టు చూసి, మూసుకొంది. ఇంత బరువుంటుందని ఫొటో చూసి ఊహించలేదు. వేడిగా ఉంది. నుదుటి మీద వెంట్రుకలు చెమటకు అంటుకొన్నాయి. నేను కదలకుండా, తగ్గించిన దీపాల వెలుగు కూడా దాని ముఖం మీద పడకుండా వంగి కూర్చొన్నాను.

నమాజు ముగిసింది. గొలుసు తీశారు, దీపాలు వెలిగాయి. మావాడు లేచి గొట్టం నొక్కి చూశాడు, మళ్లీ నొక్కాడు, అరవబోయి పిల్లను చూసి ఆగి, మెత్తబడిందని చేతితో సైగ చేశాడు. బయలుదేరవచ్చు. నా పద్ధతి ప్రకారం బయలుదేరవలసిన సమయం అదే.

"ఇంకాసేపు ఆగుదాం," అన్నాను.

అతడు నా ఒళ్లోకి చూసి, బానెట్ అలాగే ఎత్తి ఉంచి వచ్చి కూర్చొన్నాడు.

"ఇప్పుడైనా పేరు చెప్పుండ్రి సార్," అన్నాడు గుసగుసగా.

నా భార్యా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకొని, ఆ బంకు అరుగు మీదే పేర్లు వెతకడం మొదలుపెట్టాం.